ఉన్నియు నెయ్యమును



రామగుండము ఎండలకు పెట్టినది పేరు. వేసవిలో పాదరసము 45 డిగ్రీలు దాటిన దినములందు మా గోదావరిఖనిలో ఇంటిగోడలు రాత్రి రెండవజాము వరకు వేడిని వెడలగ్రక్కుచుండును. క్రింద బొగ్గు, పైన ఎండ, నడుమ మేము. అట్టి ఊరిలో కొందరు స్త్రీలు ప్రతిదినము ఒకచోట చేరి ఉన్నితో చలిదుస్తులు అల్లుచుందురని చెప్పినచో మీరు నవ్వవచ్చును. నేనును చాలకాలము నవ్వితిని. ఆ నవ్వు నాకెట్లు పోయినదో ఈ కొలది నిముషములలో మీకు మనవిచేసెదను.

నేను ఈ ప్రాంతపు పాఠశాలలలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు పండితుడనై పనిచేసి విశ్రాంతి పొందినవాడను. మా ఇల్లు గని కార్మికుల క్వార్టర్ల వరుసకు ఎదురుగా నున్నది. నడుమ ఒక వేపచెట్టు, దాని చుట్టు సిమెంటు గద్దె. నల్లానీరు పట్టుకొనుట, గిన్నెలు తోముట ముగిసిన పిదప ఎనమండుగురో పదిమందియో ఆ గద్దెమీద చేరుదురు. ఒక్కొక్కరి ఒడిలో ఒక బట్టసంచి. అందులో ఉన్నియుండ, రెండు సూదులు. ఆ కూటమికి పేరు లేదు, అధ్యక్షురాలు లేదు, చందా లేదు. మా ఇంటియామె అందులో ఇరువదియేండ్లకు పైగా కూర్చుండెను. నేను బడినుండి తిరిగివచ్చుచు ఆ చెట్టుక్రింది ముచ్చటలు విని, "ప్రొద్దు పుచ్చుటకు ఇదియొక మార్గము కాబోలు" అని లోలోన అనుకొనెడివాడను. ఒకనాడు పైకియే అంటిని. ఆమె బదులు పలుకలేదు. వరుస లెక్కించుచుండెను, మాటలాడిన లెక్క తప్పును.

ఈ ఊరి బ్రతుకు ఎరుగనివారికి కొంచెము చెప్పవలెను. 1871లో డాక్టరు కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొన్నది మొదలు, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడుట వరకు గల కథ బడిపిల్లలకు సైతము తెలిసినదే. మా రామగుండమున గనులు తెరచినది అటుపిమ్మట చాలకాలమునకు, 1961 ప్రాంతమున. గోదావరి ఒడ్డున ఖని కనుక గోదావరిఖని. ఊరికి పేరు పెట్టినవారు సంస్కృతమున పెట్టిరిగాని, జనులు మాత్రము గనిని "బాయి" అనియే అందురు. బాయి యనగా బావి. నీటికొరకు దిగు బావిని, అన్నముకొరకు దిగు గనిని ఒకే మాటతో పిలుచుట నాకు ఏ నిఘంటువు చెప్పినదానికంటె ఎక్కువ చెప్పినది.

బాయిలో పని రాత్రింబవళ్లు మూడు షిఫ్టులుగా సాగును. రాత్రి షిఫ్టునకు పోయినవాడు తెల్లవారి ఇల్లుచేరి, నీళ్లుపోసికొని, ఇంత తిని పండుకొనునప్పటికి వీధిలో పగలు మొదలగును. ఉన్నవి రెండు గదులు. పిల్లవాడు పళ్లెము జారవిడిచినను తండ్రికి నిద్రాభంగమే. ఇది సుఖమునకు సంబంధించిన మాట కాదు. నిద్రచాలనివాడు మరల ఆ రాత్రి బొగ్గుకప్పు క్రింద నిలువవలెను. అందుచేత ఆ ఇంటి ఇల్లాలు పగలెల్ల చప్పుడు చేయక మెలగవలెను. కుట్టుమిషను త్రొక్కరాదు. దంచరాదు. రేడియో పెట్టరాదు, ఆకాశవాణివారు నన్ను క్షమింతురుగాక. పిల్లలను వెంటబెట్టుకొని తలుపు దగ్గరగా వేసి ఆమె వెలుపలికి వచ్చును. అట్లు వెలుపలికి వచ్చినవారి కూటమియే ఈ కూటమి. అల్లికసూదులకు చప్పుడు లేదు. ఎవరైన పిలిచినచో వరుస మధ్యననే సంచిలో వేసి లేచిపోవచ్చును. ఇన్ని పనులుండగా ఆ చెట్టుక్రింద ఈ పనియే ఏల నిలిచెనో నాకు ఇరువదియేండ్లు తెలియలేదు. ఏనాడును ఆ గద్దెమీద కూర్చుండనివాడనగుటయే దానికి కారణము.

ఇక ఎండలూరిలో చలిదుస్తులేల యనువారికి సమాధానము. భూగర్భమున గాలి ఉక్కగా నుండును. పనిచేయువాని అంగీ చెమటతో నానిపోవును. మార్గశిర పుష్యమాసములలో ఆ తడియొంటితో వేకువన పైకి వచ్చి, గోదావరి మీదినుండి వీచు గాలిలో సైకిలు త్రొక్కిన తెలియును రామగుండమున చలి కలదో లేదో. వెనుక ఆ పనికి గొంగడి ఉండెడిది. కురుమలు నల్లగొర్రెల బొచ్చు కత్తిరించి, వారి స్త్రీలు వడకి, గుంటమగ్గముపై నేసి, చింతగింజల గంజి పట్టించి చేయు గొంగడి వానకును చలికిని ఓర్చును. బాయిపనికి మొదట వచ్చినవారిలో పెక్కుమంది పల్లెలనుండి గొంగడితోనే వచ్చిరి. కాని గొంగడి కప్పుకొని సైకిలు త్రొక్కుట కష్టము. దాని స్థానమున స్వెటరు వచ్చినది.

ఈ విద్య మా వరుసకు ఉత్తరదేశమునుండి వచ్చినది. రామగుండమున కేంద్రప్రభుత్వపు విద్యుత్ కేంద్రము 1983లో కరెంటు ఇచ్చుట ప్రారంభించిన పిదప దేశమునందలి అన్ని మూలలవారు ఇచ్చట కాపురములు పెట్టిరి. అట్లు వచ్చిన యొక ఇల్లాలు కొంతకాలము మా వీధిలో అద్దెకుండెను. ఆమెకు తెలుగు రాదు. మావారికి హిందీ అంతంతమాత్రము. ఆమె నేర్పినవి రెండే మాటలు: సీదా, ఉల్టా. అల్లికయంతయు ఈ రెండింటిలో నున్నది. దారమును ఉచ్చుగుండ వెనుకనుండి ఎదుటికి లాగిన సీదా, ఎదుటినుండి వెనుకకు లాగిన ఉల్టా. ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా వేసిన నునుపైన ముఖము వచ్చును. రెండు సీదాలు, రెండు ఉల్టాలు మార్చిమార్చి వేసిన సాగెడు అంచు వచ్చును. లఘువు గురువు అను రెండింటితో ఛందస్సంతయు నడుచుచున్నది కదా, అట్లే. ఈ పోలిక నేను చెప్పగా ఓవర్‌మేనుగారి భార్య, "మీరు పద్యాలు అల్లుతరు, మేము స్వెటర్లు అల్లుతం, గంతే గద సారూ" అనెను. నిజమే. తెలుగువాడు జడను అల్లును, గంపను అల్లును, చాపను అల్లును, పద్యమును అల్లును. వస్త్రమును మాత్రము నేయును. మగ్గమున్న చోట నేత, వ్రేళ్లు మాత్రమే యున్న చోట అల్లిక. ఉన్ని యను మాట సంస్కృతపు ఊర్ణ నుండి వచ్చినది. సాలెపురుగును ఊర్ణనాభమనుట అందువలననే. నెయ్యము స్నేహశబ్దమునుండి పుట్టినది. నేతకును నెయ్యమునకును వ్యుత్పత్తిలో చుట్టరికము లేదు. చెవికి మాత్రము కలదు. పండితుని చాదస్తము, ఇక చాలింతును.

సూదులలో ఒక తమాషా కలదు. అంకె పెరిగినకొలది సూది సన్నబడును. స్వెటరు అంచునకు పదకొండో పన్నెండో, నడిమి భాగమునకు తొమ్మిదో పదో నంబరు. లక్ష్మీనగరు అంగళ్లలో ఉన్ని యని అమ్మునది చాలవరకు గొర్రెబొచ్చు కాదు, లూధియానానుండి వచ్చు ఆక్రిలిక్ నూలు. వర్ధమాన్ ఉండ ఒకటి కొనుటకు నలుగురు కలిసి పోయి, రంగు నిర్ణయించుటకు ఒక పూట పట్టి, చివరకు మొదట చూచినదానినే తెత్తురు. దీనిని నేను కాలహరణ మనెడివాడను. ఇంటినుండి బజారునకు, బజారునుండి ఇంటికి తప్ప వేరు ప్రయాణము లేనివారికి ఆ పూట ఎంత పెద్ద పండుగయో తరువాత తెలిసినది.

అచ్చటి మాటలను గూర్చి ఒక సంగతి చెప్పవలెను. పిల్లవాని జ్వరము, చిట్టీ డబ్బు, కూరగాయల ధర, జీతమునాడు త్రాగివచ్చు మగడు, హైదరాబాదునకు పోయి చదువుదునను కూతురు, అన్నియు ఆ గద్దెమీదనే తేలును. క్రొత్తగా కాపురమునకు వచ్చిన యొక చిన్నది రెండు నెలలు చెట్టుక్రింద కూర్చుండియు నోరు మెదపలేదు. మా ఇంటియామె ఆమెకు కుట్లు ఎక్కించుట నేర్పెను. ఒకనాడు ఆ చిన్నది మఫ్లరు అల్లుచు, తల యెత్తకయే, పుట్టింట తనకు జరిగిన యొక అన్యాయమును చెప్పెనట. ఎవరును తలయెత్తలేదు. ఎవరి సూదులును ఆగలేదు. అందరును వినిరి. రాత్రి నాకు ఇది చెప్పుచు మా ఇంటియామె, "చేతులు పనిమీద ఉంటె, కన్నులు కిందికి ఉంటయి గద. చెప్పేటామెకు సిగ్గనిపియ్యది. మనం కూడా పాపమన్నట్టు చూడనక్కర్లేదు" అనెను. నేను పుస్తకము మూసితిని. నలుబది సంవత్సరముల పిల్లలతోడి అనుభవమున్న నాకు ఆ మాట స్ఫురించి యుండవలసినది. స్ఫురించలేదు.

2003 జూన్ 16న గోదావరిఖనిలో ఒక గనిలోనికి నీరు చొచ్చి 17 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో మా వరుసవారెవరును లేరు. అయినను ఆ దినములలో సూదులు సంచులనుండి బయటికి రాలేదు. స్త్రీలు మాత్రము చెట్టుక్రిందికి వచ్చుట మానలేదు. వట్టిచేతులతో కూర్చుండిరి. మగడు బాయిలోనున్న ఇల్లాలు ఇంటిలో ఒంటరిగా ఉండలేదు. షిఫ్టు దిగువేళ దాటిన ప్రతి పావుగంటయు ఆమెకు లెక్కయే. ఎవరి మగడు ఇంటికి వచ్చిన ఆమె లేచిపోయెడిది. తక్కినవారు కడపటి సైకిలు వచ్చువరకు ఉండెడివారు. ఎన్నాళ్లకో ఒక ముసలామె మనుమని టోపీ తీసి, వదలిన వరుస ఎక్కడిదో వెదకికొనెను.

2011 సెప్టెంబరు 13 నుండి 42 దినములు సకలజనుల సమ్మె జరిగెను. బాయిపనివారును అందు చేరిరి. పనికి పోనిదే జీతము లేదు. బతుకమ్మయు దసరాయు ఆ నడుమనే వచ్చెను. క్రొత్త ఉన్ని కొనువారు లేకపోయిరి. అప్పుడు అల్లిక గొప్పతన మొకటి నేను కంటితో చూచితిని. నేసిన గుడ్డ చినిగినచో పోయినట్లే. అల్లినది అట్లు కాదు. చివర ముగించిన చోట కొస పట్టి లాగినచో వరుస వెంట వరుస ఊడివచ్చి తిరిగి దారమగును. ఇండ్లలోని పాత స్వెటర్లన్నియు బయటికి వచ్చెను. ఊడదీసిన దారము వంకరలు పోయి యుండును. దానిని కుర్చీవీపునకు చుట్టి, నాలుగుచోట్ల ముడివైచి, గోరువెచ్చని నీట ముంచి, క్రింద చెంబు కట్టి వ్రేలాడదీసిన వంకరలు తీరును. వేపకొమ్మలకు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు చిలుపలు వ్రేలాడగా దారిని పోవువారు బతుకమ్మకొరకే అలంకరించిరని తలచిరి. తండ్రి స్వెటరు ఇద్దరు పిల్లల స్వెటర్లయ్యెను. ఒకామె వద్ద నలుపు చాలక మరియొకామె ఎరుపు ఇచ్చెను. ఆ యేటి చలికాలమున మా వీధి పిల్లలలో ఒకే రంగు స్వెటరు తొడిగినవాడు లేడు.

అల్లిక యనగానే మన తెలుగునాట నర్సాపురము లేసు స్ఫురించును. అది ఒంటి కొక్కెపు సూదితో చేయు క్రోషియా; ఇది రెండు సూదుల పని. ఆ నర్సాపురపు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని అచ్చటి స్త్రీలను గూర్చి 1982లో గ్రంథము వ్రాసిన మరియా మీస్ అను జర్మను విదుషి చూపినది వేరు: ఇంటిపట్టున ఊరక కూర్చున్న గృహిణులని లోకమనుకొను ఆ స్త్రీలు దేశాంతరములకు పోవు సరకును గంటలకొలది చేయుచు స్వల్పకూలి పొందుచుండిరి. కనుక అల్లికనెల్ల ఒక్కగాటను కట్టి కాలక్షేపమనుట అన్యాయము. మా చెట్టుక్రింది పని అమ్మకమునకు కాదు. సింగరేణి సేవా సమితివారు స్త్రీలకు కుట్టుపని మున్నగు వృత్తులు నేర్పుచున్నారు. సంపాదన కోరువారికి ఆ దారి యున్నది, అది మంచిది. మావారిని ఒకరు, "ఒక్క స్వెటరుకు ఎంత గిట్టును?" అని యడిగిరి. లెక్కచూడగా బజారులో కొనుటయే చౌక యని తేలినది. అందరును నవ్వి మరల సూదులు పట్టిరి.

ఈ నెయ్యమునకు ఒక్క లోపమున్నది. పదవీవిరమణ చేసినవాడు క్వార్టరు విడిచిపోవలెను. ఇరువదియేండ్లు ప్రక్కప్రక్కన కూర్చున్నవారు ఒకరు జమ్మికుంటకు, ఒకరు మంథనికి, ఒకరు కొడుకు వెంట హైదరాబాదునకు పోవుదురు. పోవునామె జానెడు చదరపు తునక ఒకటి అల్లి విడిచిపోవుట ఆనవాయితీ యైనది. ఆ తునకలను కలిపి కుట్టిన దుప్పటి ఒకటి కలదు. ఇప్పటికి 19 తునకలు. వరుసలో ఎవరింట బిడ్డ పుట్టినను మొదటి చలికాలము ఆ దుప్పటి ఆ ఇంటనే ఉండును. చెన్నపట్టణమున 2016 జనవరి 31న దేశమునందలి స్త్రీలు పంపిన తునకలు కలిపి పదకొండువేల చదరపు మీటర్లకు మించిన క్రోషియా దుప్పటి పరచి గిన్నిసు పుస్తకమున కెక్కిరి. ఆ సంగతి పత్రికలో చదివి నేను వినిపించితిని. "గంత పెద్దది ఎవరి పోరగానికి కప్పుతరు సారూ?" అని అడిగిరి.

నాలుగేండ్ల క్రిందట కార్తికమాసమున మా ఇంటియామె నాలుగుదినముల జ్వరముతో గతించినది. పదునొకండవనాటి పనులు ముగిసి, చుట్టములు పోయిన పిమ్మట, ముగ్గురు స్త్రీలు ఆమె బట్టసంచితో వచ్చిరి. అందులో నాకని మొదలుపెట్టిన బూడిదరంగు స్వెటరు సూదులమీదనే యుండెను. వీపు పూర్తి, ఎదుటిభాగము సగము. ఆ రంగు నేను కోరినది కాదు. చాకుమరక కనబడదని ఆమెయే నిర్ణయించినది. పెద్దామె మెల్లగా అడిగెను: "సారూ, ఒక్కొక్కరి చెయ్యి ఒక్కొక్క తీరు ఉంటది. అక్కది వదులు చెయ్యి, మాది బిగువు. మేమెవరం అల్లినా యాడ చెయ్యి మారిందో గీతలెక్క కనవడ్తది. మొత్తం ఇప్పి మొదటినుంచి అల్లమంటే అల్లుతం. గిట్లనే ముందుకు పోవాల్నంటే పోతం. మీరే చెప్పాలె."

నేను చాలసేపు మాటలాడలేకపోతిని. పిదప, విప్పవలదంటిని.

ఆ స్వెటరు పుష్యమాసమునకు నా చేతికి వచ్చినది. రొమ్మునకు నాలుగంగుళముల క్రింద అడ్డముగా ఒక గీత యున్నది. దానికి క్రింద కుట్లు కొంచెము వదులు, పైన బిగువు. చూపినగాని ఇతరులకు కనబడదు. మొదటి షిఫ్టు బస్సులు పోవు వేళ నేను దానిని తొడుగుకొని నడకకు పోవుదును. ఎదురైన బాయిపనివారిలో కొందరు నా పూర్వశిష్యులు, నమస్కరించి పోవుదురు.

మరుసటి యేడు నేను సిగ్గువిడిచి ఆ గద్దెమీద ఒక కొసను కూర్చుండితిని. మొదట వారి మాటలు నన్ను చూచి ఆగెడివి. ఒక పక్షమునకు నేనక్కడ ఉన్నట్లే మరచిరి. వ్యాకరణము చెప్పిన నోటితో సీదా, ఉల్టా అని గొణుగుకొనుచు మనుమనికి మఫ్లరొకటి అల్లుచున్నాను. నా చేయి అతిబిగువట, సూది దూరదు. నా బడిలో చదివిన యొక పిల్లకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఆమె నాకు ఉపాధ్యాయిని. వెనుక నేను ఆమె సంధులు దిద్దితిని, ఇప్పుడామె నా కుట్లు దిద్దుచున్నది. మొన్న మంగళవారము ఒక ఉచ్చు జారిన సంగతి గమనింపక పైకి ఆరు వరుసలు పోతిని. ఆమె చూచి, ఏమియు అనక, సూది లాగి ఆరును ఊడదీసి నా చేతికిచ్చినది. నాలుగు తిరిగి వేసితిని. రెండున్నవి.